ఆయన నడక

ఆ స్టూడియోలో ఆమెను అందరూ అడుగులమ్మ అనేవాళ్లు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడేది కాదు.

తెర మీద ఎవరు నడిచినా ఆ చప్పుడు ఆమె కాళ్లదే. షూటింగులో మైకులు మాటల్ని పట్టుకుంటాయి గానీ అడుగుల్ని సరిగా పట్టుకోవు. అందుకని తర్వాత ఎవరో ఒకరు తెర మీది బొమ్మ వంక చూస్తూ, అక్కడ కాలు పడిన క్షణానికే ఇక్కడ తన కాలూ వేసి, ఆ చప్పుళ్లన్నీ మళ్లీ పుట్టించాలి. మెట్లు దిగే పోలీసూ ఆమే, వరండాలో పరుగెత్తే చంటిపిల్లా ఆమే, అలిగి విసవిసా వెళ్లిపోయే అత్తగారూ ఆమే. పదేళ్లుగా అదే పని.

కింది అంతస్తులో కిటికీలు లేని గది ఆమెది. నేలంతా గళ్లు. ఒక గడి సిమెంటు, ఒకటి చెక్క, ఒకటి నున్నటి రాయి, ఒకటి కంకర, ఒకటి ఇసుక. గోడ వారన గోనెసంచీ నిండా పాత చెప్పులు, బూట్లు. ఎంత ఊడ్చినా ఆ గదిలో చెమట పట్టిన తోలు వాసన, తడి ఇసుక వాసన పోవు. అద్దం అవతల రికార్డిస్టు కూర్చుంటాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. అడుగులమ్మ ఆయన్ని అన్నయ్యా అంటుంది.

"పెద్దవాళ్ల అడుగులకు మడుగులొత్తేవాళ్లట పూర్వం. నా బతుకు నీ అడుగులకు మైకులొత్తడంతోనే తెల్లారిపోయింది," అంటుండేవాడు ఆయన.

అలాంటి రోజుల్లోనే 'కునుకు' సీరియల్ వచ్చింది. వారానికొకటి చొప్పున ఎనిమిది భాగాలు. అందులో ఒక హంతకుడు. వాడు చంపేది కలలో. నిద్రపోయిన మనిషికి మొదట వీధి చివర ఎవరో నిలబడి ఉన్నట్టు కనిపిస్తాడు. మళ్లీ నిద్రపోతే గేటు దగ్గర ఉంటాడు. తర్వాత మెట్ల మీద. తర్వాత గుమ్మంలో, హాల్లో, పడగ్గది తలుపు దగ్గర. ఆఖరి నిద్రలో వచ్చి మంచం అంచున కూర్చుంటాడు. ఇక ఆ మనిషి లేవడు. వాడికి పేరు లేదు. సీరియల్లో అందరూ 'ఆయన' అనే అంటారు. మొహం కూడా చూపించరు. కెమెరా మోకాళ్లు దాటి పైకి వెళ్లదు.

"మొహం లేనివాడికి నడకే మొహం. నాకు ఆ నడక కావాలి," అన్నాడు దర్శకుడు.

అడుగులమ్మ ఒకటి నడిచింది. "ఇది పోస్టుమ్యాన్ నడక," అన్నాడు. ఇంకొకటి నడిచింది. "ఇది మందులకు బయల్దేరిన ముసలాయన. జాలేస్తోంది." అలా పదకొండు నడకలు పోయాయి. ఆమెకూ విసుగొచ్చింది. సంచీ అడుగుదాకా చెయ్యి పెట్టి, తగిలిన చెప్పులు బయటికి లాగింది. మగవాళ్ల తోలుచెప్పులు, ఎడమదానికి పట్టీ వదులు. అవి తొడుక్కుని సిమెంటు గడిలోకి దిగింది.

కుడికాలు మొత్తం ఒక్కసారే పడింది, బరువుగా. ఎడమకాలి మునివేళ్లు నేలను రాసుకుంటూ వచ్చాయి. మడమ దిగలేదు. చిన్న ఆగుడు. ఆ ఆగుడులో ఎక్కడో లోపల, ఎముక సర్దుకున్నట్టు సన్నటి చప్పుడు.

ఠప్... స్‌స్‌స్... టక్.

ఆమె ఏమీ ఆలోచించలేదు. కాళ్లకు ఎప్పట్నుంచో తెలిసిన దారిలా అదే సాగింది. దర్శకుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రికార్డిస్టు మాత్రం చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశాడు.

"ఎవర్ని చూసి పట్టావు చెల్లెమ్మా ఇది?"

"ఎవర్నీ చూళ్లేదన్నయ్యా. అదే వచ్చింది."

* * *

అడుగులమ్మ, వాళ్లమ్మ రెండో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లు. హాల్లో కిటికీ పక్కన కుట్టుమిషను, దానికెదురు గోడకు టీవీ. లోపలి గదిలో గోడకు ఆనించి పెద్ద మంచం. తల్లి లాడ్జీలకు దిండు గలీబులు కుట్టేది. కూతురు కడుపులో ఉండగానే భర్త పోయాడు. అప్పట్నుంచీ ఆ మిషనే ఇద్దరికీ అన్నం పెట్టింది. పొద్దున ఏడింటికి కూర్చుంటే ఒంటిగంటకు లేచేది. తిని, రెండింటికి మంచమెక్కి గంటసేపు పడుకునేది. భూకంపం వచ్చినా ఆ గంట మాత్రం ఆవిడది.

మొదటి భాగం ఒక శుక్రవారం సాయంత్రం వచ్చింది. కూతురు టీవీ పెట్టుకుంది. తల్లి అటు వీపు పెట్టి మిషను తొక్కుతూనే ఉంది.

"దెయ్యాల కథలు నాకెందుకే? బతికున్నవాళ్లతో పడ్డది చాలదా?" అంది.

బొమ్మలో పొడుగాటి వీధి. ఒకటే దీపం. వీధి చివర రెండు కాళ్లు. అవి కదిలాయి.

ఠప్... స్‌స్‌స్... టక్.

మిషను ఆగలేదు. అలా తొక్కుతూనే ఉంది. సూది గలీబు దాటిపోయి గుడ్డ లేని చోట టకటకా కొట్టుకుంటోంది. కూతురు తల తిప్పి చూసింది. తల్లి రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. కాళ్లొక్కటే తొక్కుతున్నాయి.

"కట్టెయ్," అంది తల్లి.

"ఏమైందమ్మా?"

"కట్టెయ్యమన్నానా."

కట్టేసింది. అప్పుడు మిషను కూడా ఆగింది. తల్లి వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఆ నడిచిందెవరు?"

"నేనేనమ్మా. మా పనే అది కదా."

తల్లి తిరిగి కూతురి మొహం వైపు కాదు, కాళ్ల వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత లేచి వెళ్లి వీధి తలుపు గడియ తడిమింది. గడియ వేసే ఉంది. అయినా ఒకసారి తీసి మళ్లీ వేసింది.

* * *

ఆ తర్వాత ఆవిడ పగటి నిద్ర మానేసింది.

మొదట్లో కూతురు పట్టించుకోలేదు. పని ఎక్కువై ఉంటుందనుకుంది. కానీ రాత్రిళ్లు ఎప్పుడు మెలకువ వచ్చినా తల్లి గోడకు ఆనుకుని కూర్చునే కనపడేది. టీ మీద టీ తాగేది. కూర్చున్నచోట తల వాలిపోయేది, అంతలోనే ఉలిక్కిపడి లేచి వెళ్లి మొహం మీద నీళ్లు చల్లుకునేది. కళ్ల కింద నల్లగా గుంటలు పడ్డాయి. రెండు వారాలకు మనిషి సగమైపోయింది.

మూడో భాగం వచ్చిన మర్నాడు లాడ్జీ గుమస్తా గలీబుల కట్ట మోసుకుని ఇంటికొచ్చాడు. మర్యాద తెలిసినవాడు, నసిగాడు.

"ఏమీ అనుకోకండి. ఇవి దిండుకు తొడగడం ఎలాగో మావాళ్లకు అర్థం కావట్లేదు."

కూతురు ఒకటి తీసి చూసింది. నాలుగు వైపులా కుట్టేసి ఉంది. ఇంకోటి తీసింది. అదీ అంతే. నలభై గలీబులు. లోపలికి వెళ్లే దారి లేకుండా, ఒక్కో వైపు రెండేసి వరసల కుట్టు.

గుమస్తాను పంపేసి తలుపు వేసి వచ్చింది. తల్లి వంటింట్లో నిలబడి ఉంది. నిలబడే నిద్రపోతోంది. కనురెప్పల కింద గుడ్లు అటూ ఇటూ కదులుతున్నాయి. పెదాలు కూడా.

"అమ్మా."

తల్లి కళ్లు తెరిచి రెండు చేతులతో కూతుర్ని పట్టుకుంది. ఆ పట్టు చిన్నపిల్లల పట్టు.

"మెట్లెక్కుతున్నాడే," అంది.

తల్లి మొదటిరోజు తర్వాత ఆ సీరియల్ వైపు కన్నెత్తి చూడలేదు. నిన్నటి భాగంలో ఆయన మెట్లెక్కాడని ఆవిడకు చెప్పినవాళ్లు లేరు.

"ఎవరమ్మా?"

"ఆయన."

తల్లి ఏనాడూ భర్తను పేరుతో అనలేదు. ఆమాటకొస్తే ఆయన ఊసే ఎత్తేది కాదు. కూతురికి ఒక్క క్షణం అది ఏ ఆయనో తెలియలేదు. తర్వాత తెలిసింది, అమ్మ అంటున్నది నాన్నని. మెల్లగా తీసుకెళ్లి మంచం మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చుంది.

"మీ నాన్న ఎలా పోయారని చెప్పాను నీకు?"

"జ్వరమొచ్చి."

"జ్వరం కాదు."

తల్లి గొంతు గుసగుస కంటే పైకి లేవలేదు.

"గోదాములో ఇనప దూలం పడింది ఎడమ పాదం మీద. మడమ కింద పెట్టలేకపోయేవాడు. టక్ అంటుంది చూడు... అది ఆ ఎముకే. వీధి మలుపులో ఉండగానే వినపడేది నాకు. వినపడగానే స్టవ్ ఆర్పేసేదాన్ని. మరుగుతున్నవి, కాలుతున్నవి ఏవీ చేతికందకుండా దాచేసేదాన్ని. ఒక్కోరోజు దాచే టైం ఉండేది కాదు."

కూతురు తల్లి ఎడమ చెయ్యి వైపు చూసింది. మోచేతి దాకా కాలిన మచ్చలతో ముడతలు పడిన చర్మం. ఆవిరి కొట్టిందని చిన్నప్పట్నుంచి వింటూ వచ్చింది.

"నువ్వు ఏడో నెల. అన్నం తిని పడుకున్నాడు, వెల్లకిలా. గొంతులో ఏదో అడ్డుపడింది. గుర్రుగుర్రుమని... మొహం నల్లబడుతోంది. నేనిలాగే మంచం అంచున కూర్చుని ఉన్నాను. భుజం పట్టి ఒక్క కుదుపు కుదిపితే చాలు, లేచేవాడు."

"అమ్మా, వద్దులే..."

"కుదపలేదు. కూర్చుని చూశాను. చాలాసేపు పట్టింది."

కిటికీలోంచి ఎండ వచ్చి మంచం మీద పడుతోంది. కింద ఎక్కడో స్కూటరు స్టార్టు కాక మొరాయిస్తోంది. అంత మామూలు మధ్యాహ్నంలో ఆ మాటలు వినడం కూతురికి మరీ భయంగా ఉంది.

"అప్పట్నుంచీ కల్లోకి వస్తూనే ఉన్నాడు. వీధి చివర నిలబడి ఉంటాడు. అంతే. ముప్పై ఏళ్లుగా అంతే. అడుగు వెయ్యలేడు. నాకూ అలవాటైపోయింది, స్తంభమో చెట్టో అన్నట్టు. ఆ శుక్రవారం నువ్వు టీవీలో నడిచావు. మర్నాడు మధ్యాహ్నం నాకు కునుకు పట్టింది. అప్పుడు..."

"అప్పుడు?"

"నడిచాడే. ఇన్నేళ్లూ ఆయనకి కాళ్లు లేవు. నువ్విచ్చావు."

"ఆ నడక నేనెక్కడా వినలేదమ్మా, ఒట్టు," అంది కూతురు.

"విన్నావు తల్లీ. కడుపులో ఉండి విన్నావు. ఆ చప్పుడు వినపడితే నువ్వు కదలడం మానేసేదానివి."

* * *

అడుగులమ్మ సోమవారం పొద్దున్నే దర్శకుడి గదికి వెళ్లింది. నడక మార్చేద్దామని అడిగింది. కారణం చెప్పలేకపోయింది. చెబితే నవ్వుతారని కాదు. ఆ మాట ఇంకొకళ్ల చెవిన పడితే తల్లి బతకదని.

దర్శకుడు సంతోషంగా ఉన్నాడు. "జనానికి కంటి మీద కునుకు లేదంట అడుగులమ్మా. ఇంకేం కావాలి మనకి? ఏడు భాగాలు చానల్‌కి వెళ్లిపోయాయి. మిగిలింది ఎనిమిదోది. అందులో ఆయన మంచం మీద కూర్చుంటాడు. అది నీ నడక లేకుండా ఎలా?"

ఆమె కాలుగాలిన పిల్లిలా నడవాలో తిరిగింది. భోజనాల వేళకు రికార్డిస్టు ఎదురుపడ్డాడు. ఆమె మొహం చూసి తన అన్నం డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు.

"అన్నయ్యా, మా అమ్మ నిద్రపోవట్లేదు. ఆ నడక వినే. ఇంతకు మించి నన్నేం అడక్కు."

ఆయన అడగలేదు. గడియారం చూశాడు. "అందరూ తిని వచ్చేసరికి గంట పడుతుంది. ఎనిమిదో భాగం ట్రాకు నా దగ్గరే ఉంది. పద."

ఆ భాగం మొత్తానికి నలభై మూడు అడుగులు. అంతే పని. మామూలుగా అయితే పావుగంట.

బొమ్మ నడిచింది. పడగ్గది తలుపు. రెండు కాళ్లు. ఆమె రబ్బరు బూట్లు వేసుకుని బయల్దేరింది. ఒకటి, రెండు... మూడో అడుగుకు ఎడమకాలి వేళ్లు నేలను రాశాయి. స్‌స్‌స్... టక్. ఆగిపోయింది. బూట్లు మార్చింది. మళ్లీ. మళ్లీ మూడో అడుగుకే. ఉత్త కాళ్లతో నడిచింది. ఉత్త కాళ్లకు టక్ ఎక్కడిది? అయినా వచ్చింది. మైకులో స్పష్టంగా వచ్చింది.

"చెల్లెమ్మా," అద్దం అవతల నుంచి రికార్డిస్టు గొంతు. "నువ్వు ఆగాక కూడా ఒకటి పడింది."

"ఏంటి?"

"అడుగు."

గదిలో తోలు వాసన ఉన్నట్టుండి ఎక్కువైంది. ఎవరో దగ్గరగా నిలబడి చెమట తుడుచుకున్నంత దగ్గరగా. ఆమె గట్టిగా కళ్లు మూసుకుంది. పదేళ్లలో బొమ్మ చూడకుండా ఆమె ఎప్పుడూ నడవలేదు. ఎవరి నడకా నడవకూడదు, అనుకుంది. పోలీసుదీ వద్దు, ముసలాయనదీ వద్దు. బస్సు దిగి, భుజానికి సంచీ తగిలించుకుని, అమ్మ ఏం వండిందో అనుకుంటూ రెండంతస్తులెక్కే తన నడక ఉంది కదా. అది నడిచింది. మడమ ముందు, వేళ్లు తర్వాత, కాస్త తొందర. నలభై మూడు అడుగులూ ఒక్క ఊపులో అయిపోయాయి.

కళ్లు తెరిస్తే రికార్డిస్టు ఆమె వంకే చూస్తున్నాడు.

"ఇది నీ నడక కదా."

"ఎవరికి తెలుస్తుందన్నయ్యా? మొహం లేనివాడేగా."

"మొహం లేనివాడికి నడకే మొహమన్నారు మరి," అన్నాడాయన. హాస్యానికే అన్నాడు గానీ నవ్వు రాలేదు. పాత ట్రాకు చెరిపేసి, కొత్తది పెట్టాడు.

* * *

మధ్యలో నాలుగు వారాలు ఎలా గడిచాయో ఆ ఇద్దరికే తెలుసు. మనిషన్నాక ఎన్నాళ్లని మేలుకుంటుంది? ఎంత ఆపుకున్నా వారానికోసారైనా తల్లికి కళ్లు మూతపడేవి. మూతపడితే ఒక మజిలీ. గుమ్మం. హాలు. ఏడో భాగం తర్వాత, "పడగ్గది తలుపు పట్టుకుని నిలబడ్డాడు. గోళ్లు చూశాను," అంది తల్లి.

ఎనిమిదో భాగం వచ్చిన సాయంత్రం వాళ్లు టీవీ పెట్టలేదు. పెట్టకపోతే మాత్రం? పైవాటా వాళ్లు పెట్టారు. కిందివాళ్లు పెట్టారు. పక్కింటి గోడలోంచి కూడా. ఆఖరి ఘట్టం వచ్చేసరికి ఇల్లంతా నాలుగు వైపుల నుంచి ఒకటే చప్పుడు. అడుగులు. మడమ ముందు, వేళ్లు తర్వాత, కాస్త తొందర.

తల్లి తల ఒక పక్కకు వంచి విన్నది.

"ఇదెవరు?"

"నేనేనమ్మా."

"నువ్వే," అంది తల్లి. ఎన్నో రోజుల తర్వాత ఊపిరి నిండుగా తీసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఆవిడ మంచమెక్కింది. కూతురు సెలవు పెట్టి పక్కనే కూర్చుంది. తల్లి కూతురి చెయ్యి పట్టుకుని నిదానంగా చెప్పింది.

"ఆయన మంచం దాకా వస్తే మాత్రం నన్ను లేపకు."

"అదేం మాటమ్మా?"

"నేను లేపలేదు కదా."

"నేను నీలా కాదు. లేపుతాను," అంది కూతురు. అన్నాక ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో తట్టి, చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. తల్లి ఏమీ అనుకోలేదు. అప్పటికే రెప్పలు వాలిపోయాయి.

పావుగంట ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతోంది. తర్వాత తల్లి పెదాలు కదిలాయి. కూతురు చెవి దగ్గరగా పెట్టింది.

"తలుపు దగ్గరున్నాడు..."

కూతురు తలుపు వైపు చూడలేదు. చూడకూడదనుకుంది.

"కాలు లేపుతున్నాడు... పడట్లేదు..."

తల్లి గొంతులో ఊపిరి ఇరుక్కుంది. గుర్రుమంది. మొహం రంగు మారుతోంది. కూతురు భుజాలు పట్టుకుని కుదిపింది. "అమ్మా. అమ్మా, లే." లేవలేదు. మళ్లీ కుదిపింది. తల్లి తల అటూ ఇటూ ఊగింది గానీ కళ్లు తెరుచుకోలేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. కూతురు మంచం మీదికెక్కి, రెండు చేతులూ వెనక నుంచి వేసి లేపి కూర్చోబెట్టి, వీపు మీద చరిచింది. ఒకటి. రెండు. మూడు...

తల్లి పెద్దగా దగ్గి, గాలి పీల్చింది. కళ్లు తెరిచింది. ముందు తలుపు వైపే చూసింది.

"కిందికి చూసుకున్నాడే. కాళ్ల కోసం వెతుక్కున్నాడు. పొగలా... లేడిక." కూతురి గుండెల మీద తల పెట్టుకుంది. "లేడిక," అంది మళ్లీ. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత తల్లి మళ్లీ పడుకుని మూడు గంటలు లేవకుండా నిద్రపోయింది. కూతురు ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చుంది.

* * *

నెల తిరిగేసరికి తల్లి మామూలు మనిషైంది. కళ్ల కింద గుంటలు పూడాయి. గలీబులకు మళ్లీ నోళ్లొచ్చాయి. లాడ్జీ గుమస్తా తలాడిస్తూ పట్టుకెళ్లాడు. వీధి చివర కూడా ఇప్పుడెవరూ లేరంది. ఒక్క గంట నిద్ర కాస్తా రెండు గంటలైంది, రెండు మూడయ్యాయి. పోనీలే, ముప్పై ఏళ్ల బాకీ, అనుకుంది కూతురు. అన్నం తినడం ఆలస్యం మంచమెక్కేసేది. ఎవరో పిలుస్తున్నట్టు ఉత్సాహంగా వెళ్లేది.

స్టూడియోలో ఎవరూ ఏమీ పసిగట్టలేదు. పైగా దర్శకుడు నడవాలో ఆపి మరీ మెచ్చుకున్నాడు. "చివర్లో ఏదో మార్చావు కదా? పరాయివాడు వచ్చినట్టు లేదు. ఇంట్లో మనిషే వచ్చినట్టుంది. తలుపు తీసి రమ్మనాలనిపించింది. అందుకే మరీ భయమేసింది."

అడుగులమ్మకు ఆ మాట నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో తేల్చుకోలేకపోయింది.

ఒకరోజు కరెంటు పోయి స్టూడియో మూసేశారు. మూడింటికల్లా ఇంటికి చేరింది. గుమ్మం ముందు సంచీ అంతా వెతికితే తాళంచెవి లేదు. పొద్దున తొందరలో మర్చిపోయినట్టుంది. అమ్మ నిద్ర చెడగొట్టాల్సి వస్తుందే అనుకుంటూ తలుపు మెల్లగా తట్టింది. లోపల చప్పుడు లేదు. మళ్లీ తట్టింది.

లోపలి గదిలో మంచం కిర్రుమంది. అడుగులు వచ్చాయి. హాలు దాటి తలుపు దాకా వచ్చాయి. గడియ జరిగింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది.

తోసుకుని లోపలికి వెళ్లింది. హాల్లో ఎవరూ లేరు. నిద్రమత్తులో మళ్లీ వెళ్లి పడుకుందనుకుంది. తలుపు దగ్గరికి వేసి, సంచీ కింద పెట్టి, "అమ్మా, లేపేశానా?" అంటూ లోపలి గదిలోకి నడిచింది.

తల్లి గాఢనిద్రలో ఉంది. సన్నగా గురక కూడా. మంచానికి అడ్డంగా పడుకునే మనిషి, ఇవాళ పూర్తిగా గోడకు అతుక్కుపోయి ఉంది. సగం మంచం ఖాళీ. ఆ ఖాళీలో దిండు మధ్య గుంట.

అప్పుడు తట్టింది ఆమెకు. అమ్మ కాళ్లీడుస్తుంది. హవాయి చెప్పులు నేలకు రాసుకుంటూ వస్తాయి. ఇందాక తలుపు దాకా వచ్చినవి ఆ అడుగులు కావు. మడమ ముందు... వేళ్లు తర్వాత... కాస్త తొందర...

వెళ్లి తల్లి భుజం పట్టుకుంది.

"అమ్మా. ఎప్పుడు లేచావు నువ్వు?"

తల్లి కళ్లు తెరిచి నవ్వింది. హాయిగా నవ్వింది.

"నేనెక్కడ లేచానే? నువ్వేగా లేచింది."

"నేనా?"

"రోజూలాగే వచ్చి పక్కన కూర్చున్నావు. తల నిమిరావు. చెయ్యి చల్లగా ఉంది, బయట వానేమో అనుకున్నాను. ఇవాళ కాస్త జరగమన్నావు. జరిగాను. ఇంతలో ఎవరో తలుపు కొడుతున్నారు, తీసొస్తానని వెళ్లావు కదా." అరమోడ్పు కళ్లతో మళ్లీ గోడ వైపు ఒత్తిగిలింది. "ఎవరే వచ్చింది?"

కూతురు మంచం అంచు పట్టుకుని అలాగే నిలబడింది.

హాల్లో వీధి తలుపు గడియ పడింది. లోపలి వైపు నుంచి.